జాకెట్టు కొలత పొద్దున ఆరింటికి తీయించండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఐదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉంది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, మణికట్లు వాచి ఉంటాయి. మధ్యలో కొన్ని నెలలు స్టెరాయిడ్ వాడితే ఒళ్లొచ్చింది, పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. స్కూల్లో టీచర్లంతా చీరే కట్టుకోవాలి. నా జాకెట్టు హుక్కులు పదో తరగతి చదివే మా పాప పెడుతోంది. పోయిన వారం నాకు హుక్కులు పెడుతూ తన స్కూలు బస్సు పోగొట్టుకుంది. ఆ రోజంతా ఏడుపే. ఇంటికి రాగానే నైటీలోకి మారిపోతాను, ఇంకెక్కడికీ కదలబుద్ధి కాదు. మాఘమాసంలో చిత్తూరులో మా తమ్ముడి పెళ్లి. ముందురోజు రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం. ఆడబిడ్డవి, కంచిపట్టు కట్టుకోవాల్సిందే అంటోంది అమ్మ. నేను బాగా తయారైతే 'నీకేం జబ్బు, బాగానే ఉన్నావే' అంటారు. తయారవకపోతే 'అయ్యో, ఎట్లా ఉండేది ఎట్లయిపోయిందో' అంటారు. ఇంత నొప్పిలో అందంగా కనబడాలనుకోవడం తప్పా?
– ఒక టీచర్, తిరుపతి

జవాబు:

అమ్మా, ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. తప్పు కాదు. ఆ మాటకు మళ్లీ వస్తాను. ముందు ఆ హుక్కుల సంగతి చూద్దాం, రోజూ పొద్దున్నే మిమ్మల్ని ఏడిపిస్తున్నది అవే కాబట్టి.

నేను 22 ఏళ్లు మన తిరుపతి కొర్లగుంటలో ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టాను. 11 ఏళ్ల కిందట మీకున్న జబ్బే నాకూ వచ్చింది. మొదట కత్తెర పట్టు పోయింది, తర్వాత సూదిలోకి దారం ఎక్కించడం పోయింది. ఇప్పుడు కుట్టడం లేదు, కుట్టే ఆడపిల్లలకు పక్కన కూర్చుని చెబుతుంటాను. కొలతలు తీసిన చేతులూ ఇవే, హుక్కు పెట్టుకోలేని చేతులూ ఇవే.

నా దగ్గరికి ఆడవాళ్లు కొలతలకు ఎప్పుడూ సాయంత్రమే వచ్చేవాళ్లు. పనులన్నీ అయిపోయి, కూరగాయలు కొనుక్కుని పోతూ పోతూ ఆగేవాళ్లు. వాళ్లలో ఒకావిడకు కీళ్లవాతం. జాకెట్టు పట్టుకుపోయిన వారానికే తిరిగొచ్చి, 'పొద్దున చెయ్యి దూరడం లేదు, సాయంత్రమైతే దూరుతోంది' అనేది. నాకు అర్థం కాలేదు. ఒళ్లొచ్చిందేమో చూసుకోమ్మా అని చెప్పి పంపేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నాకు జబ్బు వచ్చాక తెలిసింది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని. రాత్రంతా కదలకుండా పడుకుంటే ఈ జబ్బులో కీళ్లు బిగుసుకుపోతాయి. లేచాక గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది సడలడానికి. సాయంత్రం కొలతలిచ్చిన మనిషి వేరు, పొద్దున ఆ జాకెట్టు వేసుకునే మనిషి వేరు.

అందుకని మీ కొలత పొద్దున ఆరింటికి తీయించండి. టైలర్ ఆ వేళకు రాదు కదా, ఆదివారం మీ పాపనే టేపు పట్టమనండి. మణికట్టు, మోచేయి, చంక చుట్టు, ఛాతీ రాసుకోమనండి. తర్వాత రెండు చేతులూ నొప్పి లేకుండా ఎంత వరకు లేస్తాయో లేపి చూపించండి. అది అంకె కాదు, కానీ టైలర్‌కు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. చెయ్యి భుజం దాటి లేవకపోతే తల మీదుగా దోపుకునే జాకెట్టు మీకు కుట్టకూడదు, ముందు తెరుచుకునేదే కుట్టాలి. సాయంత్రం అయిదింటికి ఇంకోసారి కొలవండి. రెండిట్లో ఏది పెద్దదైతే అది ఇవ్వండి. మణికట్టు కదలకుండా కట్టుకునే స్ప్లింట్ వాడుతుంటే చేతి కొలత దాని మీదనే తీయాలి. చంక కింద అరచేయంత నలుపలక ముక్క ఒకటి అతికించమని అడగండి. బయటికి కనబడదు, చెయ్యి కదపడానికి మాత్రం ఎంత చోటు దొరుకుతుందో వేసుకున్నాక మీకే తెలుస్తుంది.

ఇక హుక్కులు. మామూలు జాకెట్టు హుక్కు బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. దాన్ని పెట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు కొసలతో గట్టిగా పట్టుకుని, గుడ్డను లాగి, కనబడని కాజాలో దూర్చాలి. అలాంటివి ఆరు. మన జబ్బు ముందుగా పట్టేది సరిగ్గా ఆ వేళ్ల కణుపుల్నే. మీరు చేతకానివారు కాదమ్మా, వేళ్లు వాచినవాళ్లకు పనికిరాని వస్తువు అది, అంతే.

దానికి బదులు ప్యాంటు హుక్కులు వేయించండి. మగవాళ్ల ప్యాంటు నడుము దగ్గర ఉంటుంది చూడండి, వెడల్పుగా, చదునుగా. గాంధీ రోడ్డు వైపు కుట్టుసామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. ఆరు చిన్నవాటికి బదులు నాలుగు ఇవి సరిపోతాయి. వేలి కొసల పట్టు అక్కర్లేదు, అరచేతి కింది భాగంతో నొక్కి పక్కకు జరిపితే దిగిపోతుంది. ఒక జాగ్రత్త ఉంది. హుక్కులు తగ్గితే మధ్యలో సందు విచ్చుకుంటుంది కాబట్టి లోపలి పట్టీని ఒకటిన్నర అంగుళం వెడల్పు పెట్టమనండి. ఛాతీ కొలతలో ఒక అంగుళం వదులు కలపమనండి. పైనుంచి చూస్తే ఎప్పటి జాకెట్టులాగే ఉంటుంది.

టిచ్ బటన్లు వద్దు. చూడ్డానికి సులువుగా ఉంటాయి గానీ నొక్కడానికి బొటనవేలి బలం మొత్తం కావాలి, విప్పడానికి ఇంకా ఎక్కువ. వెల్క్రో మంచిదే, కానీ పొడుగు పట్టీలాగా వేయించకండి, ముక్కలు ముక్కలుగా అంగుళం చొప్పున నాలుగు చోట్ల చాలు. గరుకు వైపు కింది పట్టీ మీద బయటికి చూసేలా, మెత్తని వైపు పై పట్టీ లోపల ఉండాలి. అప్పుడు కాస్త అటూ ఇటూ జరిగినా ఒంటికి తగిలేది మెత్తనిదే. ఉతికేముందు మూసేయాలి, లేకపోతే పక్కనున్న పట్టుచీర దారాలన్నీ లాగేస్తుంది. అయస్కాంతం గుండీలు కూడా వస్తున్నాయి, వాటంత సుఖం ఇంకోటి లేదు. కాకపోతే గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, అలాంటివాళ్లను ఎత్తుకునో హత్తుకునో పడుకునేవాళ్లు వాటి జోలికి పోకూడదు. చుడీదార్లకు జిప్పు ఉంటే దానికి తాళంచెవుల రింగు ఒకటి తగిలించండి, వేలు దూర్చి లాగితే చాలు.

వేసుకునేటప్పుడు ఏ చెయ్యి ఎక్కువ నొప్పిగా ఉందో దాన్ని ముందు దూర్చండి. విప్పేటప్పుడు దాన్ని ఆఖరున తీయండి. ఫిజియోథెరపీ వాళ్లు చెప్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. తిరుపతిలో టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ లాంటి చోట్ల అడిగితే చేసి చూపిస్తారు కూడా.

పట్టని జాకెట్ల గురించి. పారేయకండి. పక్క కుట్లలో గుడ్డ మిగిలి ఉంటే విప్పుకోవచ్చు, లేకపోతే చంక కింద నుంచి నడుము దాకా పొడుగాటి ముక్క వేయించుకోవచ్చు. అదే రంగు దొరక్కపోతే వేరే రంగు వేయించి, అదే గుడ్డతో చేతి అంచు కూడా కుట్టిస్తే కావాలని చేయించినట్టే ఉంటుంది. కొత్తవి కుట్టించేటప్పుడు మాత్రం ఒక్కో పక్క ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల వదలమని, మూడు వరసల కుట్లు వేయమని చెప్పండి. ఒళ్లు పెరిగితే ఒక వరస విప్పుతారు, తగ్గితే మళ్లీ వేస్తారు. స్టెరాయిడ్‌తో వచ్చిన ఒళ్లు మోతాదు తగ్గాక చాలామందికి మెల్లగా తగ్గుతుంది. కానీ ఒక్క మాట. జాకెట్టు పట్టడం లేదనో, ముఖం ఉబ్బిందనో స్టెరాయిడ్ మీ అంతట మీరు ఆపకండి. నెలల తరబడి వాడినదాన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరే మెట్టు మెట్టుగా తగ్గించాలి.

చీర దగ్గరికి వద్దాం. లంగా బొందు బిగించి కట్టే అలవాటు మానేయండి. నడుము చుట్టూ నల్లటి మచ్చ పడి ఒరుసుకుపోయిన ఆడవాళ్లను ఎంతమందిని చూశానో. స్టెరాయిడ్ వాడినవాళ్ల చర్మం పలుచబడుతుంది, చిన్న ఒరిపిడికే కమిలిపోతుంది. రెండంగుళాల వెడల్పు ఎలాస్టిక్ వేసి లంగా కుట్టించుకోండి, కుచ్చెళ్లు దోపుకునే చోట మాత్రం ఒక వెడల్పాటి గుడ్డపట్టీ పెట్టించండి. చీర కింద ఇప్పుడు అందరూ వేసుకుంటున్న బిగుతు షేప్‌వేర్ మీకొద్దు. అది పైకి లాగడానికి కావాల్సిన బలం వేళ్లలో ఉంటే మీరు నాకు ఉత్తరమే రాసేవారు కాదు.

కుచ్చెళ్లు ఆదివారం పెట్టేయండి. పెళ్లిళ్లకు పార్లర్లలో ప్రీ ప్లీటింగ్ చేస్తారు కదా, దాన్నే ఇంట్లో చేసుకోవచ్చు. వారానికి అయిదు చీరలు. మీరు కుర్చీలో కూర్చుని ఎక్కడ మడవాలో చెప్పండి, పాపో మీవారో మడత పెడతారు. నడుము దగ్గర కుచ్చెళ్లన్నిటినీ కలిపి పెద్ద టాకాలు వేసి, పైట మడతలను భుజం దగ్గర ఒక టాకాతో పట్టించి హ్యాంగరుకు తగిలించేయండి. పొద్దున చుట్టుకుని దోపుకుంటే అయిపోయింది. పైటకు పిన్నీసు బదులు జాకెట్టు ఎడమ భుజం మీద చిన్న వెల్క్రో ముక్క, పైట లోపల దాని జత. పిన్నీసు తెరవడం హుక్కుకన్నా కష్టం, పైగా వేలికి గుచ్చుకుంటే మన మందుల వల్ల పుండు త్వరగా మానకపోవచ్చు. చీర కాలి చీలమండ కనబడేంత ఎత్తులో కట్టండి. స్కూలు మెట్ల మీద కొంగో కుచ్చెళ్లో కాలికి తట్టుకుంటే ఈ చేతులతో రెయిలింగు పట్టుకుని ఆపుకోలేం.

ఏ గుడ్డ అన్నదానికి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. తిరుపతి ఎండకు కాటన్ అని అందరూ చెబుతారు, నిజమే. మన జిల్లా వెంకటగిరి నేత చీర ఒంటి మీద ఉన్నట్టే ఉండదు, ఎండాకాలం క్లాసులో అయిదు పీరియడ్లు నిలబడే మనిషికి అంతకన్నా హాయి లేదు. కానీ కాటన్ బరువు కట్టుకున్నప్పుడు కాదు, ఉతికినప్పుడు తెలుస్తుంది. తడిసిన చీరను పిండడం మణికట్టును మెలితిప్పడమే. ఆపైన గంజి, ఆపైన ఇస్త్రీ. గంజి పెట్టిన అంచు మోచేతి దగ్గర, మెడ దగ్గర పలచని చర్మాన్ని గీస్తుంది కూడా. అందుకని గంజి మానేయండి. చీర ముడతలు పడుతుంది, పడనివ్వండి. మెత్తటి మల్ కాటన్లు మూడు పెట్టుకోండి, పిండకుండా నీళ్లు కారుతుండగానే ఆరేయండి. ఇస్త్రీ బండి ఆయనకు ఇచ్చేయండి, ఆ డబ్బులు మందుల ఖర్చులో రాసుకోండి. చెడ్డ రోజుల కోసం ఇస్త్రీ అక్కర్లేని క్రేప్ చీరలు రెండు బీరువాలో ముందు వరసలో ఉండాలి. ఏ రోజు చెడ్డ రోజవుతుందో ముందు తెలియదు కదా.

నాకు మా శ్రీకాళహస్తి కలంకారీ అంటే పక్షపాతం, చెప్పకుండా ఉండలేను. చేత్తో కలం పట్టి వేసే అసలు కలంకారీ గుడ్డను మొదట కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు గీస్తారు. ఒక్కో రంగుకూ ఉడికించి, ఉతికి, ఎండబెడతారు. అన్నిసార్లు నీళ్లు చూసిన కాటన్ మెత్తబడక ఏమవుతుంది? అలాంటి గుడ్డ ముక్క ఒకటి కొని సాదా జాకెట్టు వీపుకో చేతులకో వేయించుకోండి. ముక్కే కాబట్టి ఖర్చు తక్కువ. అచ్చు కొట్టినవి చాలా చోట్ల కలంకారీ అనే అమ్ముతారు, వెనక తిప్పి చూసి, గీత చేతిదా అని అడిగి కొనండి.

స్కూల్లో ఒక మాట అడగండి. చేతులు బాగా వాచిన రోజుల్లో చుడీదార్ వేసుకోవడానికి అనుమతి ఇవ్వమని, డాక్టర్ రాసిచ్చిన చీటీ జతచేసి, కాగితం మీద అడగండి. నోటితో అడిగితే ప్రతిసారీ బతిమాలుకున్నట్టుంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మన జబ్బు పేరు విడిగా లేదు. కానీ కీళ్లు వంకరపోయి చేతులకూ కాళ్లకూ శాశ్వతంగా లోపం మిగిలితే అది చలన వైకల్యం కింద లెక్కకొస్తుంది, ప్రభుత్వం వైకల్యం తేల్చడానికి పెట్టే సదరం శిబిరంలో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. మీకు అంతదూరం రాకూడదనే కోరుకుంటాను. అవసరమైతే ఉందని తెలిసుండాలి.

పెళ్లి సంగతి. మీ అమ్మగారి ఆశ నాకు అర్థమవుతుంది. మన వైపు పెళ్లంటే కంచికి పోయి పట్టుచీరలు తెచ్చుకోవాల్సిందే. కానీ నిండుగా జరీ ఉన్న కంచిపట్టు తూకం వేస్తే ముప్పావు కిలో పైనే ఉంటుంది, కిలో దాటేవీ ఉన్నాయి. అదంతా ఎడమ భుజం మీద, నడుము మీద మోయాలి. అది కూడా నాలుగున్నరకు, కీళ్లు అన్నిటికన్నా బిగుసుకుని ఉండే వేళ, మాఘమాసపు చలిలో.

తిప్పి కట్టండి. బరువు చీర ముందురోజు రాత్రి రిసెప్షన్‌కు. అప్పటికి పగలంతా కదిలి కీళ్లు సడలి ఉంటాయి, ఫొటోలు ఎక్కువ తీసేదీ అప్పుడే, అమ్మ కోరికా తీరుతుంది. ముహూర్తానికి సన్నంచు మెత్తని పట్టుచీర, కుచ్చెళ్లు ముందే కుట్టేసి పెట్టుకున్నది. ఇంట్లో మీ అమ్మమ్మదో నాయనమ్మదో పాత పట్టుచీర ఉంటే అడిగి చూడండి. ఏళ్ల తరబడి కట్టి కట్టి మెత్తబడినదానికి సాటి లేదు, పెద్దావిడ చీర అంటే ఎవరూ మారుమాట మాట్లాడరు. జాకెట్టు మోచేతి దాకా, లోపల పలచటి కాటన్ లైనింగు. భుజాల మీద శాలువా.

రెండున్నరకు లేవాలి. గది కల్యాణమండపంలోనే, కింది అంతస్తులో ఇప్పించుకోండి. లేవగానే గోరువెచ్చని నీళ్ల బకెట్లో చేతులు పది నిమిషాలు ముంచి మెల్లగా వేళ్లు ఆడించండి. మాత్రల వేళ ఆ రెండు రోజులు మార్చాలా అని డాక్టర్ని నెల ముందే అడగండి. వారానికోసారి వేసుకునే మాత్ర మీకూ ఉంటే, మర్నాడు నీరసం, వికారం ఎలా ఉంటాయో తెలుసు కదా, పెళ్లి వారంలో అది ఏ రోజు వేసుకోవాలో కూడా ఆయన్నే అడగండి. ఆడబిడ్డగా హారతి మీరే పడతారు. ఇత్తడి పళ్లెం వద్దు, తేలికపాటి స్టీలు పళ్లెం మీద పూలు పరిస్తే సరి, రెండు అరచేతుల మీద పెట్టుకుని పట్టండి. మీకొక కుర్చీ పందిట్లోనే ఉండాలని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. ఆ రోజు చెబితే ఎవరికీ వినబడదు.

గాజులు మామూలుగా రెండు ఆరు సైజు వేసుకుంటే పొద్దున వాపులో ఎక్కవు, ఎక్కితే రావు. మర మీద తెరుచుకునే కడియాలు తీసుకోండి. ఉంగరాలు ముందురోజు రాత్రే తీసేయండి. వాచిన వేలికి ఇరుక్కుంటే కోయించాల్సి వస్తుంది. మెట్టెలు నోరు తెరిచి ఉన్నవి, అంటే వేలికి తగ్గట్టు విప్పుకునేవి మేలు. చెప్పులు ముందు వెడల్పుగా, వెనక పట్టీతో, అడుగు మెత్తగా ఉండాలి, బొటనవేలు దూర్చేవి వద్దు. మందుల అంగళ్లలో దొరికే ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తని రబ్బరు అడుగున్నవి, ఇప్పుడు రంగురంగుల్లో వస్తున్నాయి, చీర కింద ఎవరూ గుర్తుపట్టరు.

ఇది చదివే వేరే జబ్బుల వాళ్లకు రెండు మాటలు చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేసినవాళ్లు ఆ చేతికి బిగుతు జాకెట్టు చెయ్యి, గాజులు, వాచీ ఏవీ పెట్టకూడదు, రక్తం పారే దారి అది. ఆ ఒక్క చెయ్యి వదులుగా కుట్టించి, రెండోదీ అలాగే కుట్టిస్తే అదొక ఫ్యాషన్ లాగానే ఉంటుంది. లూపస్ ఉన్నవాళ్లకు ఎండే శత్రువు. మన ఊళ్లో స్కూటీ నడిపే ఆడపిల్లలు మోచేతుల దాకా గ్లౌజులు, ముఖానికి చున్నీ చుట్టుకుంటారే, అది మీకు తప్పనిసరి. షుగరుతో పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు గుడికి పోయినప్పుడు మధ్యాహ్నం బండల మీద వట్టి కాళ్లతో నడవకండి, కాలిన సంగతి ఇంటికొచ్చి చూసుకునేదాకా తెలియదు.

అమ్మా, ఇప్పుడు ఆ మాటల సంగతి. తయారైతే ఒకటి అంటారు, తయారవకపోతే ఒకటి అంటారు. నాకూ జరిగింది. ఒక పెళ్లిలో నేను గులాబీరంగు చీర కట్టుకుని పూలు పెట్టుకుని కూర్చుంటే, దగ్గరి బంధువు ఒకావిడ పక్కకొచ్చి, 'మొన్న ఫోన్లో అంత నొప్పి అన్నావే' అంది. నేను అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు సిగ్గుపడ్డాను. ఇంటికొచ్చాక చాలా రోజులు బయటికి పోతే కావాలనే పాత చీర కట్టుకున్నాను, తల సరిగా దువ్వుకోలేదు, నా నొప్పిని నమ్మాలని. అన్నేళ్ల జబ్బులో నాకు నేను చేసుకున్న అన్యాయం అది. ఆ నెలల్లో నొప్పి ఏమీ తగ్గలేదు, ఎవరూ కొత్తగా నమ్మిందీ లేదు.

నొప్పి ముఖం మీద కనబడాల్సిన బాధ్యత మీకు లేదు. ఎవరైనా 'బాగానే ఉన్నావే' అంటే, 'ఇట్లా కనబడ్డానికి పొద్దున రెండు గంటలు పట్టింది అత్తా, రేపంతా పడుకోవాలి' అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కోపం వద్దు, సంజాయిషీ వద్దు. సగం మందికి అది నిజంగానే తెలియదు. 'ఎట్లయిపోయిందో' అనేవాళ్లకు మాత్రం జవాబు అక్కర్లేదు.

నైటీని కూడా తిట్టుకోకండి. ముందు జిప్పు ఉన్న కాటన్ నైటీ మనలాంటివాళ్ల ఒంటికి కుట్టినట్టుంటుంది. దానిలోకి మారాక ఇంకెక్కడికీ కదలబుద్ధి కాకపోవడమే ఇబ్బంది. అదే కోతతో, అదే ముందు జిప్పుతో, మీకు నచ్చిన రంగులో మోకాళ్ల కిందిదాకా కుర్తీ కుట్టించుకుని ఎలాస్టిక్ పలాజో మీద వేసుకోండి. సుఖం అదే, కానీ గుమ్మం దాటొచ్చు.

తిరుమలలో ప్రతి గురువారం స్వామికి సడలింపు చేస్తారు, మీకు తెలిసే ఉంటుంది. వారమంతా ధరించిన నగలు, బరువైన పట్టు తీసేస్తారు. నొసటి పెద్ద నామాన్ని తగ్గిస్తారు, అందుకే ఆ రోజు నేత్రదర్శనం. ఒక ధోవతి, ఒక ఉత్తరీయం, అంతే. సాయంత్రం పూలంగి, ఒళ్లంతా పూలే. మర్నాడు శుక్రవారం అభిషేకమయ్యాక మళ్లీ నిండు అలంకారం. నా జబ్బు ముదిరిన ఏడాది నాకు ఆ సడలింపు అన్న మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేను కూడా వారంలో ఒక రోజు పెట్టుకున్నాను. ఆ రోజు గాజుల్లేవు, చీర లేదు, మెడలో సన్నటి గొలుసు ఒక్కటే. సాయంత్రానికి చేతులు సడలితే కాసిన్ని మల్లెలు, లేకపోతే అవీ లేవు. ఆ రోజు ఉంది కాబట్టే మిగతా రోజుల్లో తయారవడం శిక్షలాగా అనిపించదు.

ఇక మీ పాప. ఆ బస్సు పోయిన పొద్దు తన మనసులోనూ ఉండిపోయి ఉంటుంది. తనను సాయం చేయొద్దని పూర్తిగా దూరం పెట్టకండి. అమ్మకు అక్కరకు వస్తున్నానన్నది ఆ వయసు పిల్లకు చిన్న సంగతి కాదు. పని మాత్రం మార్చండి. ఏడున్నర బస్సు హడావుడిలో హుక్కులు కాదు, ఆదివారం మధ్యాహ్నం పాటలు పెట్టుకుని కుచ్చెళ్లు. ఏ చీరకు ఏ జాకెట్టు అన్నది తననే ఎంచమనండి, ఈ కాలం పిల్లలకు రంగులు మనకన్నా బాగా తెలుసు.

ఈ వారం ఒక్క జాకెట్టుతో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి టైలర్‌కు ఇచ్చేయకండి. మీరు ఎక్కువగా కట్టే స్కూలు చీరకు జోడైనది ఒకటి తీసి, నాలుగు ప్యాంటు హుక్కులు పెట్టించండి. సోమవారం పొద్దున మంచం మీద కూర్చునే వేసుకుని చూడండి. ఏ హుక్కు దగ్గర చెయ్యి ఆగిందో, పైదా కిందిదా, నాకు రాయండి. దాన్ని ఎటు జరపాలో చెబుతాను.